చిన్న స్టూడియో.. పెద్ద జల్లెడ!

గేమింగ్ కొలువుకు మీరు పంపిన దరఖాస్తు ముందుగా చేరేది మనిషి చేతికి కాదు.. ఓ సాఫ్ట్‌వేర్‌లోకి! పది, ఇరవై మంది ఉండే స్టూడియోలు కూడా ఇప్పుడు ఈ దారి పడుతున్నాయి. అవి ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంటున్నాయి, అందులో అభ్యర్థిని ఏమేం అడుగుతున్నాయి అనేదాన్ని బట్టే మీ పని ఎవరి కంట పడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తేలుతుంది. ఆ లోగుట్టు తెలిస్తే దరఖాస్తు చేసే తీరే మారుతుంది.

‘అప్లై చేశా.. రిప్లై లేదు’. గేమ్ డిజైన్, యానిమేషన్ కోర్సులు పూర్తిచేసినవారి దగ్గరా, యూనిటీనో అన్‌రియల్ ఇంజినో సొంతంగా నేర్చుకున్న బీటెక్ విద్యార్థుల దగ్గరా ఎక్కువగా వినిపించే మాట ఇదే. రెజ్యూమె ఎవరైనా చదివారా? చదివి వద్దనుకున్నారా? అసలు తెరవనే లేదా? ఏదీ తెలీదు. చాలామంది దీనికి ఒకటే సమాధానం చెప్పేసుకుంటారు.. ‘ఏటీఎస్ కొట్టేసింది’ అని. ఏటీఎస్ అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్. దరఖాస్తులను స్వీకరించి, వరుసలో పెట్టి, ఎవరు ఏ దశలో ఉన్నారో చూపించే నియామక సాఫ్ట్‌వేర్.

పెద్ద కంపెనీల్లో ఇది ఎప్పట్నుంచో ఉంది. కొత్త సంగతేమిటంటే, హెచ్ఆర్ విభాగమే లేని చిన్న గేమ్ స్టూడియోలు కూడా ఇప్పుడు దీన్ని కొనక తప్పని స్థితికి వచ్చాయి. వాటికి ఈ ఎంపిక ఖర్చుకు సంబంధించిన ప్రశ్న. మీకు మాత్రం భవిష్యత్తుకు సంబంధించింది.

ఎందుకీ వరద?

కరోనా సమయంలో ఇంటిపట్టున ఉన్న జనం గేమ్స్ విపరీతంగా ఆడారు. కంపెనీలు ఆ ఊపు చూసి భారీగా మనుషుల్ని తీసుకున్నాయి. ఊపు తగ్గాక కోతలు మొదలయ్యాయి. 2023 సెప్టెంబరులో ఎపిక్ గేమ్స్ సుమారు 830 మందిని తొలగించింది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగం 1,900 మందిని, యూనిటీ సుమారు 1,800 మందిని, రయట్ గేమ్స్ 530 మందిని ఇంటికి పంపాయి. ఫిబ్రవరిలో సోనీ ప్లేస్టేషన్ 900 ఉద్యోగాలు తగ్గించింది. 2025లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ నిర్వాహకులు విడుదల చేసిన సర్వేలో, అంతకుముందు ఏడాది కాలంలో ఉద్యోగం పోయిందని చెప్పినవారు 11 శాతం.

అంటే ఫ్రెషర్ దరఖాస్తు చేస్తున్న ఖాళీకే అయిదారేళ్ల అనుభవం ఉన్నవారూ పోటీ పడుతున్నారు. దీనికి తోడు ఒక్క క్లిక్‌తో దరఖాస్తు వెళ్లిపోయే ఏర్పాట్లు, నిమిషంలో కవర్ లెటర్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాయి. లింక్డ్‌ఇన్ ద్వారా సగటున నిమిషానికి 11 వేల దరఖాస్తులు వెళ్తున్నాయనీ, ఏడాదిలో ఇవి 45 శాతం పెరిగాయనీ 2025లో వార్తలొచ్చాయి.

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూద్దాం. ఇరవై మంది ఉన్న ఒక స్టూడియో జూనియర్ 3డీ ఆర్టిస్టు కావాలని ప్రకటన ఇచ్చిందనుకుందాం. 600 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు కేటాయించినా 2,400 నిమిషాలు, అంటే 40 గంటలు. ఒక మనిషికి వారం రోజుల పని. ఆ మనిషి ఎవరు? హెచ్ఆర్ ఉద్యోగి కాదు. గేమ్‌లో పాత్రలకు రూపమిచ్చే లీడ్ ఆర్టిస్టే! ఆయన వారం పాటు దరఖాస్తులు చదువుతూ కూర్చుంటే గేమ్ విడుదల వెనక్కి పోతుంది. అందుకే మొదట్లో ఈమెయిల్, ఒక స్ప్రెడ్‌షీట్‌తో నెట్టుకొచ్చిన స్టూడియోలు ఏదో ఒక దశలో చేతులెత్తేసి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తాయి.

అసలు అది చేసేదేంటి?

ఏటీఎస్ పని పైకి కనిపించేంత మాయేమీ కాదు. ఖాళీని కంపెనీ వెబ్‌సైట్‌లో, జాబ్ బోర్డుల్లో ప్రచురిస్తుంది. అభ్యర్థి ఫారం నింపగానే రెజ్యూమెలోంచి పేరు, ఫోన్ నంబరు, చదువు, అనుభవం లాంటి వివరాలను విడదీసి గడుల్లో పెడుతుంది. ఆ తర్వాత దరఖాస్తు ‘కొత్తవి, చూసినవి, టెస్ట్, ఇంటర్వ్యూ, ఆఫర్’ అంటూ దశలవారీగా ముందుకు కదులుతుంది. ఇంటర్వ్యూ చేసినవాళ్లు తమ మార్కులు, అభిప్రాయాలు అక్కడే నమోదు చేస్తారు. తిరస్కరణ మెయిల్ కూడా అందులోంచే వెళ్తుంది.

మరి మనిషి చూడకుండానే దరఖాస్తులను తీసేసే మాటేంటి? ‘75 శాతం రెజ్యూమెలను సాఫ్ట్‌వేరే చెత్తబుట్టలో వేస్తుంది’ అనే లెక్క కెరియర్ వీడియోల్లో తరచూ వినిపిస్తుంది. దీని వెనక నిలబడే అధ్యయనమేదీ లేదు. రెజ్యూమె దిద్దిపెట్టే సేవలు అమ్ముకునేవారికి మాత్రం అది బాగా పనికొస్తోంది. మామూలు ఏటీఎస్‌లో ఆటోమేటిక్ తిరస్కరణ ఎక్కువగా జరిగేది ‘నాకౌట్ ప్రశ్న’ల దగ్గరే. ‘ఈ దేశంలో పనిచేసేందుకు అనుమతి ఉందా?’, ‘వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?’, ‘విడుదలైన గేమ్ ఒక్కదానికైనా పనిచేశారా?’ లాంటివి. ఫలానా సమాధానం వస్తే తీసేయమని కంపెనీ ముందే చెప్పి ఉంచుతుంది. అంటే కొట్టేసేది సాఫ్ట్‌వేర్ అయినా, కొట్టేయమన్నది మనిషే.

చాలామందికి జరిగేది ఇంకొకటుంది. మొదటి 150 దరఖాస్తుల్లోనే తగినవాళ్లు పది మంది దొరికితే, మిగతా 450 తెరవకుండానే ఉండిపోతాయి. అక్కడ ఎవరూ మిమ్మల్ని వద్దనుకోలేదు. మీ వరకూ రాలేదంతే.

గేమ్ స్టూడియో లెక్క వేరు

ఐటీ కంపెనీ ఫ్రెషర్ల నియామకానికీ, గేమ్ స్టూడియో నియామకానికీ పెద్ద తేడా ఉంది. అక్కడ మార్కులు, బ్యాక్‌లాగ్స్, ఆప్టిట్యూడ్ స్కోరు చూసి వడపోయవచ్చు. ఇక్కడ ఆర్టిస్టుకు పోర్ట్‌ఫోలియోనే ప్రాణం. ప్రోగ్రామర్‌కు గిట్‌హబ్‌లోని కోడ్, డిజైనర్‌కు ఆడి చూడగలిగే చిన్న గేమ్, సౌండ్ డిజైనర్‌కు వినిపించే షోరీల్ కావాలి. వీటిలో ఏదీ రెజ్యూమెలోని పదాల్లో దొరకదు. రెజ్యూమె చుట్టూ కట్టిన సాఫ్ట్‌వేర్‌ను ఎలా వచ్చిందో అలాగే వాడేస్తే, పని బాగా చేసే కుర్రాడు వెనకబడి, కీవర్డులు బాగా పేర్చినవాడు ముందుకొస్తాడు.

ఉదాహరణకు ఫ్రాన్స్‌లోని శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ సంగతి చూడండి. 2025 ఏప్రిల్‌లో ‘క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ విడుదల చేసి, అదే ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన స్టూడియో ఇది. ప్రధాన బృందం సుమారు 30 మందే. ఆ గేమ్‌కు సంగీతమిచ్చిన లోరియన్ టెస్టార్డ్ అప్పటికి పేరున్న సంగీత దర్శకుడేం కాదు. ఆన్‌లైన్‌లో ఆయన పెట్టుకున్న సంగీతం విని స్టూడియో వ్యవస్థాపకుడు గియోమ్ బ్రోష్ సంప్రదించారు. ప్రధాన రచయిత్రి జెన్నిఫర్ స్వెడ్‌బర్గ్-యెన్ అయితే మొదట రెడిట్‌లో ఒక ప్రకటన చూసి, డబ్బింగ్ చెప్పేందుకు ఆడిషన్ ఇచ్చారు. వచ్చింది గొంతు ఇవ్వడానికి, చివరికి కథ రాసే బాధ్యతే తీసుకున్నారు! ‘గేమ్స్‌కు రచయితగా అయిదేళ్ల అనుభవం ఉందా?’ అనే నాకౌట్ ప్రశ్న పెట్టి ఉంటే ఆమె మొదటి గడపే దాటేవారు కాదు.

విద్యార్థులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ‘పోర్టల్’. అమెరికాలోని డిజిపెన్ కళాశాల విద్యార్థులు 2005లో ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే ప్రాజెక్టు గేమ్ చేశారు. అది చూసిన వాల్వ్ కంపెనీ ఆ బృందాన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ ఆలోచనే 2007లో ‘పోర్టల్’గా వచ్చి ప్రపంచ ప్రసిద్ధమైంది. ఈ రెండు కథల్లోనూ మనుషుల్ని పట్టించింది వారు చేసిన పని. రెజ్యూమె కాదు.

అయితే ఇలాంటి కథలు విని ‘సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ప్రతిభ ఉంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు’ అనుకోవడమూ పొరపాటే. పరిచయాల మీద, కంటపడటం మీద ఆధారపడిన నియామకం ఎప్పుడూ నగరంలో ఉన్నవారికి, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవారికి, ఈవెంట్లకు వెళ్లగలిగేవారికే అనుకూలం. నరసరావుపేటలోనో, జగిత్యాలలోనో ఉన్న విద్యార్థికి బహిరంగంగా ప్రకటించిన ఖాళీ, అందరికీ ఒకే ఫారం, అందరికీ ఒకే కొలమానం ఉండటమే మేలు. ఏటీఎస్ సరిగ్గా వాడితే ఇచ్చేది అదే. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉండాలా వద్దా అనేది కాదు, ఎలాంటిది ఉండాలి అనేదే అసలు ప్రశ్న.

స్టూడియో దేన్ని చూసి ఎంచుకోవాలి?

మార్కెట్లో గ్రీన్‌హౌస్, లీవర్, ఆష్‌బీ, వర్కబుల్, టీమ్‌టైలర్ లాంటి విదేశీ ఉత్పత్తులున్నాయి. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో నుంచి జోహో రిక్రూట్ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన కేకా, డార్విన్‌బాక్స్ కూడా హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో భాగంగా నియామక విభాగాన్ని అందిస్తున్నాయి. వీటిలో ఏది గొప్పదన్న చర్చ కంటే చిన్న స్టూడియో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు ముఖ్యం.

ఒకటి.. ఖర్చు దేని మీద? కొన్ని సంస్థలు మొత్తం ఉద్యోగుల సంఖ్యను బట్టి, కొన్ని సాఫ్ట్‌వేర్ వాడేవారిని బట్టి, కొన్ని ప్రకటించే ఖాళీలను బట్టి వసూలు చేస్తాయి. ఏడాదికి మూడు నాలుగు ఖాళీలు మాత్రమే ఉండే స్టూడియో పెద్ద కంపెనీల కోసం కట్టిన ఏడాది ఒప్పందంలో ఇరుక్కుంటే, ఆ డబ్బు ఒక ఇంటర్న్ స్టైపెండ్‌తో సమానం కావచ్చు. జోహో రిక్రూట్ లాంటివి చిన్న స్థాయికి ఉచిత ప్లాన్ ఇస్తున్నాయి. ఖాళీ ఉన్న నెలల్లో మాత్రమే చెల్లించే వీలుంటే ఇంకా మంచిది.

రెండు.. ఫారాన్ని మార్చుకోవచ్చా? ఆర్టిస్టుకు ఒక ఫారం, ప్రోగ్రామర్‌కు మరో ఫారం పెట్టుకోగలగాలి. పోర్ట్‌ఫోలియో లింకు తప్పనిసరి గడిగా ఉండి, దరఖాస్తు తెరవగానే అదే ముందు కనిపించాలి. లీడ్ ఆర్టిస్టు రెజ్యూమె మూడు పేజీలు దాటాక గానీ బొమ్మ చూడలేని ఏర్పాటు ఈ రంగానికి పనికిరాదు.

మూడు.. చదివేవారికి సులువుగా ఉందా? చూసేది హెచ్ఆర్ నిపుణులు కాదు, కోడ్ రాసేవాళ్లూ బొమ్మలు వేసేవాళ్లూ. వాళ్లు వాడలేకపోతే ఎంత ఖరీదైనదైనా వారం తిరక్కుండానే మళ్లీ స్ప్రెడ్‌షీట్‌కు వచ్చేస్తారు. ఇద్దరు ముగ్గురు ఒకరి మార్కులు మరొకరికి కనిపించకుండా విడివిడిగా వేయగలిగితే, సీనియర్ అభిప్రాయానికి మిగతావాళ్లు తలూపేయడం తగ్గుతుంది.

నాలుగు.. తిరస్కరించిన తర్వాత ఏంటి? ఈసారి వద్దనుకున్న మంచి అభ్యర్థిని గుర్తుపెట్టుకుని, ఆరు నెలల తర్వాత ఖాళీ వస్తే మళ్లీ పిలిచే వీలుండాలి. కనీసం ‘మిమ్మల్ని ఎంపిక చేయలేదు’ అన్న మెయిల్ అందరికీ వెళ్లాలి. ఒక్క బటన్‌తో అయ్యే పని అది. చాలా స్టూడియోలు దాన్నే మర్చిపోతాయి.

ఇవి స్టూడియో అడగాల్సినవైనా విద్యార్థికీ ఉపయోగమే. ఫారం చూస్తే ఆ స్టూడియో ఎలాంటిదో తెలిసిపోతుంది. పోర్ట్‌ఫోలియో గడి ముందుండి, ప్రశ్నలు తక్కువగా ఉంటే అక్కడ పని తెలిసినవాళ్లు ఫారం తయారుచేశారని అర్థం. రెజ్యూమె అప్‌లోడ్ చేశాక మళ్లీ అవే వివరాలు పాతిక గడుల్లో నింపమంటే, పెట్టెలోంచి తీసిన సాఫ్ట్‌వేర్‌ను అలాగే వాడేస్తున్నారని అర్థం.

ఏఐ వడపోత.. ఆచితూచి

ఇప్పుడు చాలా ఏటీఎస్‌లు ‘మా ఏఐ మంచి అభ్యర్థులను పైకి తెచ్చి చూపిస్తుంది’ అని ప్రచారం చేసుకుంటున్నాయి. 600 దరఖాస్తులతో సతమతమయ్యే స్టూడియోకు ఇది వరంలా అనిపిస్తుంది. కానీ గత అనుభవాలు జాగ్రత్త అంటున్నాయి. అమెజాన్ ఒకప్పుడు రెజ్యూమెలకు రేటింగ్ ఇచ్చే ఏఐని ప్రయోగాత్మకంగా తయారుచేసింది. పదేళ్లలో వచ్చిన రెజ్యూమెల మీద శిక్షణ పొందిన ఆ టూల్, వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవి కావడంతో ‘మహిళల’ అనే పదమున్న రెజ్యూమెలకు మార్కులు తగ్గించడం నేర్చుకుంది. సంస్థ దాన్ని పక్కన పెట్టేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన నివేదికలో, తమ వడపోత ప్రక్రియలో అర్హులైన అభ్యర్థులు కూడా కొట్టుకుపోతున్నారని 88 శాతం యాజమాన్యాలు ఒప్పుకొన్నాయి. ప్రకటనలో రాసిన షరతులకు అచ్చంగా సరిపోకపోవడమే కారణం. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి నియామక టూల్స్‌కు పక్షపాత తనిఖీ తప్పనిసరి. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం నియామకాల్లో వాడే ఏఐని అధిక ముప్పు ఉన్న కేటగిరీలో చేర్చింది. వర్క్‌డే సంస్థ స్క్రీనింగ్ టూల్స్ వివక్ష చూపాయంటూ అమెరికాలో 2023లో దాఖలైన దావాలో, 40 ఏళ్లు పైబడిన ఇతర దరఖాస్తుదారులూ చేరేందుకు 2025 మేలో కోర్టు ప్రాథమికంగా అనుమతించింది. ఆరోపణలను ఆ సంస్థ ఖండిస్తోంది.

మన దేశంలో నియామక ఏఐకి ప్రత్యేక చట్టం లేదు. అయితే డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అది పూర్తిగా అమల్లోకి వచ్చాక తమ వివరాలను సరిచేయమనీ, తొలగించమనీ అడిగే హక్కు అభ్యర్థులకు ఉంటుంది. వేల రెజ్యూమెలు దాచుకునే చిన్న స్టూడియో కూడా ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేదు.

చిన్న స్టూడియోకు ఏఐ ర్యాంకింగ్ అవసరం తక్కువనే చెప్పాలి. 600 పోర్ట్‌ఫోలియోలను ఒక్కోటి నిమిషం చొప్పున చూసినా పది గంటలే. ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి మూడున్నర గంటలు కూడా పట్టదు. రెండేళ్లు కలిసి పనిచేయాల్సిన మనిషిని వెతకడానికి అది పెద్ద సమయమేం కాదు. వచ్చినవారిలో సగం మందిని తెరవకుండా వదిలేయడం కన్నా, 300 దరఖాస్తులు రాగానే ప్రకటన మూసేసి అన్నీ చూడటం నిజాయతీ గల పద్ధతి.

మన పరిస్థితి ఏంటి?

హైదరాబాద్‌కు గేమింగ్ కొత్తేం కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి అంతర్జాతీయ సంస్థకు ఇక్కడ కార్యాలయం ఉంది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్‌కు ఈ నగరం చాలాసార్లు వేదికైంది. తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2016లోనే ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చిన్న బృందంతో చేసిన ‘రాజీ’ 2020లో విడుదలై, మన దేశపు స్వతంత్ర స్టూడియోలు ఏం చేయగలవో చూపించింది.

ఉద్యోగం వెతికేవారు గమనించాల్సిన మార్పు మరొకటుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను ఇది నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌కు, డబ్బుతో సంబంధం లేని గేమ్స్‌కు మాత్రం ప్రోత్సాహం ఇస్తామంది. దాంతో నగదు గేమ్స్ కంపెనీలు సిబ్బందిని తగ్గించుకున్నాయి. అక్కడి నుంచి బయటికొచ్చిన డెవలపర్లు, టెస్టర్లు కూడా ఇప్పుడు అవే ఖాళీలకు పోటీ. ‘గేమింగ్ కంపెనీ’ అన్న పేరు చూసి దరఖాస్తు చేసేముందు అది ఏ రకం గేమింగో కనుక్కోండి.

అమెరికాలో చదువుతున్న మన విద్యార్థులకు ‘స్పాన్సర్‌షిప్ కావాలా?’ అన్న గడి దగ్గరే దారి మూసుకుపోతోంది. ఇరవై మంది ఉన్న స్టూడియో వీసా స్పాన్సర్‌షిప్ భారం మోస్తుందని ఆశించడం కష్టం. అలాగని ఆ గడిలో అబద్ధం చెబితే ఆఫర్ దశలో బయటపడుతుంది. దానికన్నా రిమోట్, కాంట్రాక్ట్ పని ఇచ్చే స్టూడియోలను ఎంచుకుని వెతకడం మేలు.

మనకే ప్రత్యేకమైన చిక్కు పేరు దగ్గరుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, రెజ్యూమెలో పొడి అక్షరంగా, లింక్డ్‌ఇన్‌లో చివర.. ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తుంటాం. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడదీసే సాఫ్ట్‌వేర్‌కు ఇవి వేర్వేరు మనుషుల్లా కనిపించొచ్చు. ఒకే రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి. ఒకే ఈమెయిల్, ఒకే ఫోన్ నంబరు కూడా.

అప్లై చేసేముందు ఇవి చూసుకోండి

* చిరునామా గమనించండి: దరఖాస్తు పేజీ చిరునామాలో గ్రీన్‌హౌస్, లీవర్, ఆష్‌బీ, వర్కబుల్, జోహోరిక్రూట్ లాంటి పేర్లుంటే ఆ స్టూడియో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతోందో తెలుస్తుంది. స్టూడియో సొంత వెబ్‌సైట్‌లోని కెరియర్స్ పేజీ నుంచే అక్కడికి వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన లింకుల నుంచి కాదు.

* రెజ్యూమె సాదాగా: ఒకే వరుసలో, అక్షరాలను సెలెక్ట్ చేయడానికి వీలైన పీడీఎఫ్ చాలు. రెండు కాలమ్‌లు, స్టార్ రేటింగ్‌లు, బొమ్మగా మార్చిన రెజ్యూమెలు వివరాలు విడదీసేటప్పుడు చెదిరిపోతాయి. మీ కళంతా పోర్ట్‌ఫోలియోలో చూపించండి.

* లింకు పరీక్షించండి: లాగిన్ కాని బ్రౌజర్‌లో, స్నేహితుడి ఫోన్‌లో తెరిచి చూడండి. డ్రైవ్ ఫోల్డర్ ‘అనుమతి కోరండి’ అని అడిగితే అక్కడితో సరి. ఎవరూ అనుమతి కోరరు, తర్వాతి దరఖాస్తుకు వెళ్లిపోతారు.

* ఆడించండి, దించమనకండి: రెండు జీబీల జిప్ ఫైల్‌ను తెలియనివాళ్ల దగ్గర్నుంచి ఎవరూ డౌన్‌లోడ్ చేయరు. ఇచ్ డాట్ ఐఓలో బ్రౌజర్‌లోనే నడిచే చిన్న గేమ్, దాని కింద నిమిషం వీడియో పెట్టండి. అందులో మీ మంచి పని మొదటి పది సెకన్లలో కనిపించాలి.

* మీ వాటా చెప్పండి: నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీరు చేసిందేంటో ఒక్క వాక్యంలో రాయండి. ‘శత్రువుల కదలికల కోడ్ నాది, బొమ్మలు స్నేహితురాలివి’ అన్నంత సూటిగా.

* తొందరగా పంపండి: వరుసలో ముందున్నవే ఎక్కువగా చూస్తారు కాబట్టి ప్రకటన వచ్చిన ఒకట్రెండు రోజుల్లో పంపగలిగేలా అన్నీ సిద్ధంగా ఉంచుకోండి. ఒకే స్టూడియోలో అయిదు ఖాళీలకు ఒకేసారి దరఖాస్తు చేయకండి. అవన్నీ ఒకే పేజీలో వాళ్లకు కనిపిస్తాయి.

* టెస్ట్ ఇస్తే అడగండి: ఆర్ట్ టెస్ట్, కోడ్ టెస్ట్ ఎన్ని గంటల పని, ఆ పనిని గేమ్‌లో వాడతారా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. వారం పట్టే పనిని ఉచితంగా చేయించుకునే చోట రేపటి పని వేళలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

* డబ్బు అడిగితే ఆగండి: రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, బ్యాక్‌డోర్.. పేరేదైనా సరే, ఉద్యోగానికి డబ్బు అడిగితే అది మోసం.

ఇదీ ఒక దారే

గేమ్ తయారుచేయడమే కాదు, గేమ్ తయారుచేసేవాళ్లను వెతికిపెట్టడమూ కొలువే. చిన్న స్టూడియోలు పెరిగేకొద్దీ నియామకాలు చూసుకునే వ్యక్తి అవసరమవుతారు. ఆర్టిస్టు పనికీ, టెక్నికల్ ఆర్టిస్టు పనికీ తేడా తెలిసిన హెచ్ఆర్ అభ్యర్థి ఎంబీఏలో వందమందిలో ఒకరిలా కాక విడిగా కనిపిస్తారు. మరోవైపు జోహో, కేకా, డార్విన్‌బాక్స్ లాంటి ఉత్పత్తి సంస్థల్లో డెవలపర్లతోపాటు టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, సాఫ్ట్‌వేర్‌ను కొన్న సంస్థలో అమర్చిపెట్టే ఇంప్లిమెంటేషన్ పనులూ ఉంటాయి. కోడింగ్ మీద ఆసక్తి తక్కువ ఉన్నా విషయాన్ని విడమరిచి చెప్పగలిగినవారికి ఈ చివరి రెండూ సరిపోతాయి. ఉచిత ప్లాన్‌లో మీరే ఒక ఖాతా తెరిచి, కాలేజీ ఫెస్ట్ వలంటీర్ల ఎంపికను దాంట్లో నడిపి చూడండి. అవతలి కుర్చీలో కూర్చుంటే దరఖాస్తులు ఎలా కనిపిస్తాయో ఒక్క రోజులో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ అది మంచి అనుభవం.

చివరగా ఒక మాట. సాఫ్ట్‌వేర్ జల్లెడ లాంటిది. రంధ్రాల సైజు నిర్ణయించేది స్టూడియోనే. మంచి స్టూడియో ‘ఎవర్ని తీసేద్దాం’ అని కాకుండా ‘ఎవర్ని చూడకుండా వదిలేస్తున్నాం’ అని ఆలోచించి ఎంచుకుంటుంది. అన్ని స్టూడియోలూ అలా ఉండవు. జవాబు రాని ప్రతి దరఖాస్తునూ మీ ప్రతిభ మీద తీర్పుగా తీసుకోకండి. వాటిలో చాలావాటిని ఎవరూ తెరిచి ఉండరు. తెరిచిన ఆ ఒక్క నిమిషంలో మీ పని సూటిగా కనిపించేలా చేయడం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. ఈ వారమే మీ పోర్ట్‌ఫోలియో లింకును వేరొకరి ఫోన్‌లో తెరిచి చూడండి.. అక్కడి నుంచి మొదలుపెట్టండి!